సునీత తల ఊపలేదు

ఆరేళ్లుగా నేనొక అబద్ధాన్ని మోస్తున్నాను. చూడబోతే మూడు వాక్యాలు. కానీ సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడో, మీటింగ్‌లో వింటున్నట్టు కూర్చున్నప్పుడో అది గుర్తొస్తుంది. మెడ వెనక వేడెక్కుతుంది. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు చెప్పను. అందుకే చెప్పగలుగుతున్నానేమో. నా ముఖం ఎరిగిన ఒక్కరికి కూడా ఇంతవరకూ చెప్పలేకపోయాను.

అప్పట్లో మేము సన్నీవేల్‌లో ఉండేవాళ్లం. ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో మూడు తెలుగు కుటుంబాలు. మేమిద్దరం, లావణ్య వాళ్లు, సునీత వాళ్లు. లావణ్యకు ఐదేళ్ల కూతురు, అహన. సునీతకూ మాకూ పిల్లలు లేరు.

సునీత కాకినాడలో ఒక చిన్న బడిలో నర్సరీ పిల్లలకు చెప్పేది. పెళ్లయి ఈ దేశానికొచ్చాక మూడేళ్లు ఇంట్లోనే ఉండిపోయింది. ఆ ఏడాదే పని చేసుకునే పర్మిట్ చేతికొచ్చింది. ఇంట్లోనే డేకేర్ పెడతానంది. హాల్లో సోఫా తీసేసి రంగురంగుల మ్యాట్లు పరిచింది. ఆరు బుల్లి కుర్చీలు కొంది. పిల్లల గొంతులో ఏదైనా అడ్డుపడితే ఏం చేయాలో క్లాసుకెళ్లి నేర్చుకుంది. కాంప్లెక్స్‌లో పంచడానికి ఆమె రాసుకున్న కాగితంలో ఇంగ్లీషు దిద్దింది నేనే. మొదట చేరాల్సింది అహన.

ఆ రోజుల్లోనే ఒక లాంగ్ వీకెండ్‌కి అందరం కలిసి సాల్వాంగ్ వెళ్లాం. వందేళ్ల కిందట డెన్మార్క్ నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న చిన్న ఊరు అది. గోడల మీద బయటికి కనబడే చెక్క దూలాలు, గాలిమరలు, ఇళ్ల కప్పుల మీద చెక్క కొంగలు. ఏబెల్‌స్కీవర్ అని బోర్డు చూసి, అదేమిటోనని కొనుక్కుంటే తీపి గుంతపొంగణాలు. పైన పంచదార పొడి, పక్కన ఎర్రటి జామ్. సునీత ఒకటి నోట్లో వేసుకుని, "పెనం కూడా మన పెనమే అక్కా. ఇంత దూరం ఎలా వచ్చిందో" అని నవ్వింది. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది. మళ్లీ అలా నవ్వగా నేను చూడలేదు.

మధ్యాహ్నం మగవాళ్లు ముగ్గురూ కార్లు వేరేచోట పార్క్ చేయడానికి వెళ్లారు. బేకరీ ముందు పెద్ద లైన్ ఉంది. "అక్కా, అహనని కాస్త చూస్తుండు" అని లావణ్య లైన్‌లో నిలబడింది. సునీత ఎదురుగా ఉన్న షాపులోకి వెళ్లింది. ఏడాది పొడుగునా క్రిస్మస్ సామాన్లు అమ్మే షాపు. నేను అహన చెయ్యి పట్టుకుని బయట నిలబడ్డాను.

ఇక్కడికొచ్చేసరికి ఎప్పుడూ ఆగిపోతాను. అప్పుడు నాకేదో ముఖ్యమైన ఫోన్ వచ్చిందని నన్ను నేను నమ్మించుకోవాలని ఎన్నోసార్లు చూశాను. ఏ ఫోనూ రాలేదు. గాలిమర ముందు దిగిన ఫోటోలు చూసుకుంటున్నాను. ఏది స్టేటస్‌లో పెట్టాలా అని. అన్నిటికంటే బాగా వచ్చినదాంట్లో నా పొట్ట కనబడుతోంది. దాన్ని క్రాప్ చేయడానికి రెండు చేతులూ కావాల్సొచ్చాయి.

అహన చెయ్యి వదిలేశాను. ఎంతసేపు? తెలియదు. ఫోటో అప్‌లోడ్ కూడా అయింది.

"అహన ఏది?" అని లావణ్య గొంతు వినబడింది.

తలెత్తి చూస్తే పాప లేదు. "సునీతతో ఉంది కదా" అన్నాను. ఇది అబద్ధమా? ఉండి ఉంటుందని నిజంగానే అనుకున్నానా? ఈ ఒక్క మాట వరకూ నన్ను క్షమించుకోవచ్చేమోనని చాలాకాలం చూశాను. కానీ సరిగ్గా అప్పుడే సునీత ఒక్కతే షాపులోంచి బయటికొచ్చింది. లావణ్య ముఖం పాలిపోయింది. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు, రాలేదు కూడా. నేను చెప్పింది ఇది: "తనకి అప్పజెప్పాను లావణ్యా. గుమ్మం దగ్గర."

మగవాళ్లూ వచ్చారు. అందరం కలిసి నలభై నిమిషాలు వెతికాం. ఆ ఊరి మధ్యలోంచి హైవే పోతుంది. బేకరీ ఒకవైపు ఉంటే, పాప రెండోవైపు దొరికింది, గుర్రపు బండి ఆగేచోట. అక్కడ షాపు నడిపే ఒక ముసలావిడ పాప చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి లావణ్యకిచ్చింది. పాప ఎవరితో ఉండాల్సిందని మెల్లగా ఇంగ్లీషులో అడిగింది. అందరూ సునీత వైపు చూశారు. నేనూ చూశాను.

అహన వెక్కుతూ, "ఐ వాజ్ విత్ ఆంటీ" అంది.

"ఏ ఆంటీ నాన్నా?"

ఆ పిల్లకు మేమందరం ఆంటీలమే. జవాబు చెప్పకుండా తల్లి మెడలో ముఖం దాచుకుంది. అప్పటిదాకా బిగబట్టుకున్న ఊపిరి వదిలాను. దాని గురించి మీకు ఉన్నదున్నట్టు చెప్పాలి. పాప దొరికిందని కాదు ఆ ఊపిరి. పాప నా వైపు వేలు చూపించలేదని.

సునీత భర్త అందరి ముందూ అన్నాడు, "ఒక్క పిల్లని చూడలేకపోయావు, ఇంటినిండా పిల్లల్ని తెచ్చిపెట్టుకుంటావా?" సునీత షాపులో కొన్న బొమ్మ సంచి రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

తిరుగు ప్రయాణానికి కార్ల దగ్గరికి వెళ్లాక నా దగ్గరికి వచ్చింది. కోపంగా వస్తుందనుకున్నాను. కోపం ఉంటే బాగుండేది.

"అక్కా, పాపని చూడమని నాతో చెప్పావా నువ్వు? నాకు ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు."

నేను కారు డోర్ తెరిచి పట్టుకున్నాను.

"లోపల పాటలు గట్టిగా పెట్టారు. నువ్వు చెప్పావేమో. నాకే వినపడలేదేమో." కళ్లలో నీళ్లు లేవు. నేను ఏదో ఒకటి తేల్చి చెబితే చాలన్నట్టు చూస్తోంది.

"చెప్పాను సునీతా" అన్నాను. "నువ్వు తల కూడా ఊపావు."

ఆ చివరి మాట ఎందుకన్నాను? ఎవరూ అడగలేదు. మిగతా రెండూ భయంతో అన్నానని చెప్పుకోవచ్చు. ఇది భయంతో అన్నది కాదు. ఆమె తన జ్ఞాపకాన్ని తనే అనుమానిస్తోందని నాకు అర్థమైంది, ఆ అనుమానాన్ని నేను గట్టి చేశాను. సునీత, "సారీ అక్కా. నిన్ను కూడా ఇరికించాను" అంది.

లావణ్య అహనని వేరే డేకేర్‌లో చేర్చింది. కాంప్లెక్స్‌లో మాట పాకింది. నేను పాకించలేదు, ఆపలేదు. ఒక్క పాప కూడా చేరలేదు. రెండు నెలల తర్వాత బుల్లి కుర్చీలు ఉచితంగా ఇస్తామని కాంప్లెక్స్ గ్రూప్‌లో సునీత మెసేజ్ పెట్టింది. ఆ తర్వాత భర్తకు వేరే రాష్ట్రంలో, చాండ్లర్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయారు.

పోయిన నెల చాండ్లర్‌లో తెలిసినవాళ్లింట్లో బారసాలకు వెళ్తే అక్కడ కనబడింది. ఇప్పుడు ఒక పళ్ల డాక్టర్ దగ్గర ఫ్రంట్ డెస్క్‌లో పని చేస్తోందట. ఎవరో చంటిపిల్లను ఎత్తుకోమని అందించబోతే రెండడుగులు వెనక్కి వేసింది. "నాకివ్వకండి. నాది మతిమరుపు" అంది నవ్వుతూనే. తర్వాత నా పక్కన కూర్చుని, "స్టవ్ ఆపానో లేదో ఇప్పటికీ రెండుసార్లు చూసుకుంటాను అక్కా. ఆ రోజు తర్వాత నామీద నాకు నమ్మకం పోయింది" అని, నా విస్తట్లో పులిహోర అయిపోయిందని చూసి మళ్లీ వడ్డించమని ఎవరినో పిలిచింది. నోరు తెరిచాను. పులిహోర బాగుందన్నాను.

అప్పుడే చెప్పి ఉండాల్సింది కదా అని మీరడుగుతారు. నేనూ రోజూ అడుగుతున్నాను. చెబితే సునీతకు ఆ ఆరేళ్లు తిరిగొస్తాయా అని నాకు నేను చెప్పుకునే జవాబు కూడా పిరికితనమే. తిరిగి రాకపోయినా, తను మతిమరుపు మనిషి కాదని తెలుసుకునే హక్కు ఆమెకుంది. అది నా దగ్గర ఇరుక్కుపోయి ఉంది. ఫోన్ చేసే ధైర్యం ఎప్పుడొస్తుందో తెలియదు. వస్తుందని మీకు మాటివ్వలేను. క్షమించమని కూడా అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు.

అహన చెయ్యి పట్టుకున్నది నేను. వదిలింది నేను. ఎవరికీ అప్పజెప్పలేదు. సునీతతో ఒక్క మాట కూడా చెప్పలేదు.

రాశాను. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. గుండె కొంచెం తేలికైన మాట నిజమే, దానికీ సిగ్గుగానే ఉంది.