లెగకు

మా మామయ్యగారు బాక్సింగ్ ఆడి రైల్వేలో ఉద్యోగం తెచ్చుకున్న మనిషి. నేను రాయపూర్‌కి కోడలిగా వచ్చేసరికి ఆయన రిటైరయ్యారు. ఇంట్లో ఆ ఆట మాట ఎవరూ ఎత్తేవారు కారు. అది ఆయన వినయమనుకున్నాను.

సీడీ ప్లేయర్ కొన్న ఏడు, మావారు ఒక పాత హాలీవుడ్ సినిమా తెచ్చారు. నలుపు తెలుపు బొమ్మ, బాక్సర్ కథ. "నాన్నకి నచ్చుతుంది" అన్నారు. ఆదివారం భోజనాలయ్యాక అందరం కూర్చున్నాం. ఇంగ్లీషు సగమే అర్థమైంది గానీ కథ తెలుస్తూనే ఉంది. వయసు మీరిన బాక్సర్ దెబ్బ తిని బోర్లా పడ్డాడు. రిఫరీ అంకెలు లెక్కపెడుతున్నాడు. జనం లేవమని కేకలు. మావారు కూడా "లే, లే" అంటున్నారు.

"లెగకు" అన్నారు మామయ్యగారు.

ఆయన ముందుకు వంగి, తెరమీద పడివున్న మనిషితో, పక్కనున్నవాడికి చెప్పినట్టు మెల్లగా మాట్లాడుతున్నారు. "లెగకురా బాబూ. అలాగే ఉండిపో. నీకు దండం పెడతాను."

తెరమీద అతను మోకాలు మోపి లేచాడు. మామయ్యగారు కళ్లు మూసుకున్నారు.

వంటింట్లో అత్తయ్య చెప్పింది. "మా పెళ్లికి ముందు సంగతమ్మా. పక్కూరు ధర్సీవా కుర్రాడొకడితో పోటీ. ఈయన కొడితే పడిపోడం, మళ్లీ లెగడం. లెగిస్తే కొట్టాల కదా, ఆట అదే కదా. ఈయనే గెలిచారు. ఆ అబ్బాయి నవ్వుతా చెయ్యి కలిపి, ఇంటికెళ్లి పడుకున్నాడట. మరి లెగలేదు."

"మామయ్యగారిని ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఎవరూ ఏటీ అనలేదు."

ఆ తర్వాత మధ్యాహ్నాలు ఆయన ఒక్కరే, శబ్దం తీసేసి, ఆ సినిమా పెట్టుకునేవారు. ముందుగదిలోంచి ఆ బతిమాలడం వినిపించేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "మామయ్యగారూ, ఆ అబ్బాయి వాళ్లింటికి ఒకసారి వెళ్లొద్దామా?"

కొన్నాళ్లకి తనే తెల్లచొక్కా వేసుకుని, "పద తల్లీ" అన్నారు.

ధర్సీవాలో అడిగితే ఇల్లు దొరికింది. అతని చెల్లెలు ఉంది, తల నెరిసిన మనిషి. "మీ అన్నతో కలిసి ఆడాను" అని మాత్రం మామయ్యగారు హిందీలో చెప్పారు. ఆవిడ సంబరపడి చాయ్ పెట్టింది.

"భయ్యా కో బుఖార్ ఆయా థా" అంది. జ్వరమొచ్చి నిద్రలోనే పోయాడట. వాళ్లమ్మ కూడా చివరిదాకా అదే చెప్పుకుని ఏడ్చేదట.

మామయ్యగారి చాయ్ చేతిలోనే చల్లారిపోయింది. వచ్చేటప్పుడు ఆవిడ వంగి ఆయన కాళ్లకి దండం పెట్టింది.

బస్సులో అన్నారు. "జ్వరమనుకుంటోందమ్మా. ఆ మాట నేనెలా తీసీగలను?"

మళ్లీ ఆ సినిమా పెట్టలేదు. కానీ ఇంట్లో ఎవరికి ఒళ్లు కాస్త వెచ్చబడినా ఆయన మనిషి కాకుండా పోయేవారు. మా పాపకి జ్వరం వచ్చినప్పుడు డాక్టరు బాగా నిద్రపోనివ్వమన్నాడు. మామయ్యగారు మంచం పక్క స్టూలు వేసుకుని, నిద్ర పట్టనివ్వకుండా దాని బుగ్గ తడుతూనే ఉన్నారు. అత్తయ్య ఆయన్ని ఇవతలికి తీసుకురమ్మని నాకు సైగ చేసింది. నా వల్ల కాలేదు. వెళ్లి రెండోవైపు కూర్చున్నాను.

"తాతా, సోనే దో నా" అని విసుక్కుంది పాప.

"పడుకుందువుగాని తల్లీ. ముందు నీ పేరేటో చెప్పు."

చెప్పింది. కాసేపాగి మళ్లీ అడిగారు.