సీసాకు పెట్టిన బొట్టు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కాలేజీ ల్యాబులో గాజు సామాను కడిగే పని నాది. సంతకం తప్ప రాయడం రాదు, నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. ఆ ల్యాబులో హయత్‌నగర్ నుంచి వచ్చే ఒక పిల్ల చివరి ఏడాది ప్రాజెక్టు చేసేది. ఆమె పనంతా ఒక ఎంజైము మీద. అది బ్యాక్టీరియా కడుపులో ఉండే కత్తెర లాంటిదని నాకు చెప్పింది. ఎథనోలమైన్ అనే తిండిని అది ముక్కలు చేస్తేనే ఆ పురుగుకు బలం. బి12 విటమిన్ తోడు లేకపోతే మాత్రం ఆ కత్తెర కదలదట. నా కాళ్ల తిమ్మిర్లకు డాక్టరు రాసిందీ ఆ విటమినే. ఇంకేం, పురుగుతో నాకు చుట్టరికం కలిసింది.

దసరాకు ల్యాబులో ఆయుధ పూజ చేశారు. తూకం మిషన్లకు, మైక్రోస్కోపులకు అందరూ బొట్లు పెడుతున్నారు. మొగుడు పోయినప్పటి నుంచి నేను పూజల్లో చేయి పెట్టను, తలుపు దగ్గరే నిలబడ్డాను. ఆ పిల్ల తన విటమిన్ సీసా తెచ్చి నా ముందు పెట్టింది.

"రోజు నా ట్యూబులు కడిగేది నువ్వే గదా ఆయమ్మా. బొట్టు గూడ నువ్వే పెట్టాలె."

ఎంత వద్దన్నా వినలేదు. సీసాకు నల్ల కాగితం చుట్టి ఉంది. కాగితానికి బొట్టు పెడితే పూజ ఎట్లవుతుందని తనే విప్పేసింది. పసుపు రాసి కుంకుమ పెట్టాను. దీపాల పక్కన, కిటికీ ఎండలో ఆ సీసా సాయంత్రం దాకా ఉంది. లోపలి ఎర్రటి మందు మెరుస్తుంటే ఎంత ముచ్చటగా ఉండిందో.

సెలవులయ్యాక చూస్తే ఎంజైము పని చేయలేదు. ఆ మందు వెలుతురు తగిలితే చెడిపోతుందట, నల్ల కాగితం అందుకేనట. తెలిసిన పిల్లే, పూజ సంబరంలో మరిచింది. ఇంకో సీసా తెప్పించే వ్యవధి లేదు. ప్రాజెక్టు ఇవ్వకపోతే ఏడాది పోతుంది. పిల్ల బల్ల మీద తల పెట్టి ఏడుస్తుంటే, నా చేయి తగిలే ఇట్లయిందని ఆమె ప్రాజెక్టు చూసే మేడంతో అన్నాను.

మేడంది కోస్తా వైపు. "మీ చెయ్యి కాదమ్మా, ఎండ," అన్నారు. తర్వాత పిల్లను లేపి, బయటికి తీసిన ఎంజైము చెడిన విటమిన్‌ను బాగు చేసుకోలేదు గానీ బతికున్న బ్యాక్టీరియా చేసుకుంటుందని, ఈ మందే దానికి పోసి చూడమని, అది పెరిగితే అదే ప్రాజెక్టుగా ఇవ్వొచ్చని చెప్పారు.

పసుపు మరకల సీసా మళ్లీ తెరిచారు. రెండు ట్యూబుల్లోనూ అదే తిండి, అదే పురుగు. మందు చుక్కలు మాత్రం ఒక్కదాంట్లోనే వేశారు.

మర్నాడు ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి డ్యూటీ కంటే ముందే పోయాను. పిల్ల అప్పటికే వచ్చి ఉంది. మందు లేని ట్యూబు తేట నీళ్లలాగే ఉంది. మందు పడ్డది బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబడింది. పురుగులు తిని, పిల్లల్ని పెట్టి, ట్యూబంతా నింపేశాయి.

"తిన్నయి ఆయమ్మా. మస్తు తిన్నయి."

"తినయా మరి. ప్రసాదమాయె," అన్నాను.

మేడం కూడా నవ్వారు. పిల్ల ఆ ట్యూబు నా చేతిలోనే పెట్టి ఫొటో తీసింది. నవ్వాగక నేను ఊగుతుంటే ఫొటో మసకగా వచ్చింది. మళ్లీ తీసినా అంతే.