పదకొండు గంటల మురుగునీరు

మా వదిన ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే మా అమ్మ "గవర్నమెంటుకి ఉత్తరాలు రాస్తుంది" అని తేల్చేస్తుంది. వింటే నాకు ఒళ్లు మండుతుంది. మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రాలు, చెత్తగుట్టల కింద ఊరే నల్లనీటిని పట్టే కాలువలు, ఇలాంటివి కట్టించాలంటే ప్రభుత్వం టెండరు పిలుస్తుంది. మేం ఇలా కడతాం, ఇంతకు కడతాం అని నాలుగు వందల పేజీల్లో చెప్పి వాళ్లని ఒప్పించాలి. ఆ నాలుగు వందల పేజీలూ రాసేది మా వదిన. అందులో బొమ్మలు గీసేది నేను. కంపెనీలో నన్ను డ్రాఫ్ట్స్‌మన్ అంటారు. ఆడదాన్నైనా ఆర్డరు కాగితంలో అలాగే రాసుంది, మార్చమంటే ఎవడికీ తీరిక లేదు.

వదినతో పనిచేయడమంటే మాటలు కాదు. ప్రతి పేజీనీ పైకి చదువుతుంది, ఎదురుగా ఎవరో ఒకరు కూర్చుని వినాలి. 'అత్యాధునిక' అన్న మాట కనబడితే చాలు, ఎర్ర పెన్ను తీస్తుంది. "ఏది అత్యాధునికం? పంపా, పైపా? పేరు చెప్పు" అంటుంది. ఓసారి పాత ప్రతిపాదనలోంచి ఒక పేజీ తెచ్చి అతికించాను. అందులో 'సముద్రపు ఉప్పుగాలికి తట్టుకునే రంగు' అని ఉంది. మేం టెండరు వేస్తున్న ఊరికి సముద్రం మూడొందల కిలోమీటర్ల దూరం. ఆ పేజీని వదిన నా బల్ల మీద అద్దం కింద పెట్టి వారం రోజులు ఉంచింది. నేను కసికొద్దీ రోజూ దాని మీదే టీ కప్పు పెట్టుకున్నాను.

ఇంత జాగ్రత్త ఉన్నా వరసగా నాలుగు టెండర్లు పోయాయి. అయిదోది ఒక చిన్న పట్టణానికి మురుగునీటి శుద్ధి కేంద్రం. ఆ కాగితాలు వచ్చిన రోజే మా బాసు ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు.

"ఇది కూడా పోతే ఇక మనం టెండర్లు వెయ్యం. పెద్ద కంపెనీల దగ్గర చిల్లర పనులు తీసుకుని బతుకుదాం. మీ సెక్షను ఎత్తేస్తాను" అన్నాడు.

సెక్షనంటే మేమిద్దరమే. మా అన్నయ్య పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి ఏడాదైంది, ఇల్లు నడిచేది మా ఇద్దరి జీతాల మీద. వదిన మాత్రం "సరే సార్, గెలుస్తాం" అని కాగితాల కట్ట చంకన పెట్టుకుని బయటికి వచ్చేసింది. ఆవిడ ధైర్యం చూస్తే ఒక్కోసారి నాకు ధైర్యం రాదు, చిర్రెత్తుకొస్తుంది.

ఆ ఆదివారం భోజనాల బల్ల దగ్గర కూర్చుని వదిన టెండరు కాగితాలు పైకి చదువుతోంది. నేను వింటున్నాను. అమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. పట్టణం నుంచి రోజుకి నలభై లక్షల లీటర్ల మురుగునీరు వస్తుందని టెండరులో ఉంది. ఎలా లెక్కకట్టారయ్యా అంటే, ఒక రోజు పదకొండు నుంచి పన్నెండు దాకా కొలిచి, ఆ గంట నీళ్లని ఇరవై నాలుగుతో హెచ్చవేశారట. ఆ సంగతి చివర అనుబంధంలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

"పదకొండింటికి ఎవరు స్నానం చేస్తారే?" అంది అమ్మ.

వదిన చదవడం ఆపింది. "అత్తయ్యా, మళ్లీ అనండి."

"మళ్లీ అనడానికేముంది? ఏ ఇంట్లోనైనా నీళ్లు గుమ్మరించేది పొద్దున్నే కదా. పదకొండింటికి అంట్లు కూడా అయిపోతాయి. ఆ ఆఫీసర్లు ఆఫీసుకొచ్చి, టీ తాగి, జీపెక్కి వెళ్లేసరికి ఆ టైమయ్యుంటుంది. వాళ్ల తీరిక చూసుకుని కొలిచారు, వాళ్లకేం!"

వదిన లేచి వెళ్లి అమ్మ బుగ్గ గిల్లింది. నలభై రెండేళ్ల కోడలు, అరవై ఎనిమిదేళ్ల అత్త. చూడ్డానికి నాకే సిగ్గేసింది.

మూడు రోజులు సెలవు పెట్టి ఆ పట్టణానికి వెళ్లాం. ఖాళీగా ఉన్నాడు కదా అని అన్నయ్యని కూడా లాక్కెళ్లాం, రాత్రి వంతు ఆయనకి అప్పగించాం. పట్టణపు పెద్ద కాలువ వాగులో కలిసే చోట, మధ్యలో కోత ఉన్న ఇనుప రేకుని అడ్డంగా బిగించాలి. ఆ కోతలో నీళ్లు ఎంత ఎత్తున పోతున్నాయో పావుగంటకోసారి స్కేలుతో చూసి రాసుకోవాలి. చెప్పడానికి ఇంతే. మొదటి గంటలోనే నా ముక్కు పనిచేయడం మానేసింది, అదీ ఒకందుకు మంచిదే అయింది. పొద్దున అయిదున్నరకి బెత్తెడున్న నీళ్లు ఏడింటికి రేకు అంచుల దాకా వచ్చేశాయి. "రాయవే, రాయి!" అని మోకాళ్ల దాకా బురదతో వదిన గంతులేస్తోంది.

కాలువ పక్క పల్లపు వీధిలోంచి ఒకావిడ వచ్చి మాకు కూర్చోవడానికి స్టూలు ఇచ్చింది. మంచినీళ్లకని వాళ్లింటికి వెళ్తే, మంచాల కాళ్ల కింద మూడేసి ఇటుకలు పెట్టి ఉన్నాయి. కాలువ పొంగినప్పుడల్లా మురుగు గదిలోకి వస్తుందట. "కొత్తది కడితే ఇంక రాదు కదమ్మా?" అని అడిగింది. వదిన వంగి ఆ ఇటుకల ఎత్తుని కూడా స్కేలుతో కొలిచి పుస్తకంలో రాసుకుంది. మూడు రోజుల కొలతలూ లెక్కేస్తే రోజుకి అరవై అయిదు లక్షల లీటర్లు తేలింది.

ఆ అంకె చూసి బాసు ఆనందంతో కుర్చీలోంచి లేచాడు. "ఈ సంగతి బయటికి పొక్కకూడదు" అన్నాడు.

మా పనిలో ఒక అలవాటుంది, బయట చెప్పుకోదగ్గది కాదు. టెండరు కాగితాల్లో తప్పు దొరికితే కిక్కురుమనకూడదు. నలభై లక్షలకే డిజైను వేసి, అందరికంటే తక్కువ ధర చెప్పి, పని దక్కించుకుని, సగం కట్టాక "అయ్యో, నీళ్లు ఎక్కువొస్తున్నాయే!" అని ఆశ్చర్యపోవాలి. అప్పుడు అదనపు పని అని కొత్తగా బిల్లు పెట్టుకోవచ్చు. ఆ ఫైలు కదలడానికి మూడేళ్లు పడితే మూడేళ్లూ మురుగు పొంగుతుంది. పొంగేది కంట్రాక్టరు ఇంట్లోకి కాదుగా!

తప్పుని బయటపెట్టాలంటే ప్రీ-బిడ్ మీటింగు ఒక్కటే చోటు. టెండరు వేసేవాళ్లంతా వచ్చి అనుమానాలు అడిగే రోజది. ఒకరడిగినదానికి జవాబు రాతలో అందరికీ వెళ్తుంది. అంటే మనం బురదలో దిగి తెచ్చుకున్న అంకె పోటీవాడికి ఉచితం. అందుకే తెలివైనవాళ్లు ఆ మీటింగులో బిస్కెట్లు తిని వచ్చేస్తారు.

"నేను అడుగుతాను సార్" అంది వదిన.

"అడిగితే మనకి మిగిలేదేంటమ్మా?"

"ప్రతి పేజీ మీదా సంతకం నాది సార్. అబద్ధం అని తెలిసీ పెట్టలేను."

"అడుగు. టెండరు పోతే మాత్రం ఇద్దరూ రాజీనామాలు ఇచ్చి వెళ్లండి" అన్నాడు బాసు, మొహం అటు తిప్పుకుని.

నిజం చెప్పొద్దూ, నేను బాసు పక్షమే. ఇంటికి రాగానే వంటింట్లో వదినతో గొడవ పెట్టుకున్నాను. "ఉద్యోగాలు పోతే ఏం తింటాం? నీ సంతకం వండుకు తింటామా?"

"అది ఉడకదే" అని నవ్వింది. "గెలుస్తాంలే. మన దగ్గర మూడు రోజుల కొలతలున్నాయి. వాళ్ల దగ్గరేమున్నాయి, బిస్కెట్లు."

నాకు నవ్వు రాలేదు. ఇద్దరి ఉద్యోగాలూ ఒకే రోజు పోతే మా ఇల్లు ఎలా ఉంటుందో తలచుకుని స్నానాల గదిలో కూర్చుని ఏడ్చాను.

మీటింగుకి తొమ్మిది కంపెనీలవాళ్లు వచ్చారు. అందరిలోకీ పెద్ద కంపెనీ మనిషి ముందు వరసలో ఉన్నాడు. ఎప్పుడూ చక్రాల పెట్టె లాక్కుంటూ తిరుగుతాడని మేం ఆయన్ని సూట్‌కేసు అంటాం. వదిన రెండో వరసలో కూర్చుని, నన్ను వెనక్కి పంపింది. దేవుడా, ఈవిడ నోరు కట్టెయ్యి అని నేను అక్కణ్నించి మొక్కుకుంటున్నాను.

"ఇంకేమైనా సందేహాలా?" అన్నాడు ప్రభుత్వ ఇంజనీరు. వదిన లేచింది.

"సార్, మీ కొలత పదకొండు నుంచి పన్నెండు మధ్య తీశారు. మేం మూడు రోజులు, రాత్రీ పగలూ తీస్తే అరవై అయిదు లక్షలు వచ్చింది. దేనికి డిజైను వెయ్యమంటారు?"

ఇంజనీరు మొహం గంటు పెట్టుకున్నాడు. "అంటే డిపార్టుమెంటు కొలత తప్పంటారా?"

"అనడం లేదు సార్. ఆ గంటకి అది ఒప్పే. మిగతా ఇరవై మూడు గంటల సంగతి అడుగుతున్నాను."

హాలంతా గొల్లుమంది. చివరికి ఇంజనీరు కూడా నవ్వు ఆపుకోలేక, కొలతల పుస్తకం నకలు ఇచ్చి వెళ్లమన్నాడు. సూట్‌కేసు మాత్రం నవ్వలేదు.

వారంలో సవరణ వచ్చింది. అరవై అయిదు లక్షలకి డిజైను వెయ్యాలి, గడువు ఇంకో ఇరవై రోజులు. అప్పుడు చూడాలి మా వదినని! పొద్దున ఒక్కసారిగా వచ్చిపడే నీళ్లని ఒక ట్యాంకులో పట్టి ఉంచి, రోజంతా నెమ్మదిగా వదిలితే మిగతా కేంద్రమంతా చిన్నదిగా కట్టొచ్చు, ధర తగ్గుతుంది అంది. ఆ ట్యాంకు ఎంతుండాలో తేలాలంటే ఏ గంటకి ఎన్ని నీళ్లో తెలియాలి. అవి మా దగ్గర పావుగంటల లెక్కన ఉన్నాయి. ఆ ట్యాంకుని పదకొండుసార్లు గీయించింది నాచేత. పన్నెండోసారి గీయమంటే పెన్సిలు విసిరికొట్టాను. తనే వెళ్లి ఏరుకొచ్చి, చెక్కి నా చేతిలో పెట్టింది.

ధరల కవర్లు విప్పిన రోజు బాసు కూడా మాతో వచ్చాడు. డిజైనుకి ఎక్కువ మార్కులు మావి, తక్కువ ధరా మాదే. పని మాకు వచ్చింది. వరండాలోకి వచ్చాక సూట్‌కేసు వదిన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, ఆ కాలువని మేం రెండు నెలల ముందే కొలిపించాం. నలభైకే డిజైను వేసి మేం చెప్పే ధర మీవాళ్లు జన్మలో అందుకోలేరు, నష్టం తర్వాత అదనపు బిల్లుల్లో రాబట్టుకునేవాళ్లం. ఆ రోజు మీరు లేవకపోయుంటే పని మాదే" అని, పెట్టె లాక్కుంటూ వెళ్లిపోయాడు.

బాసు మొహం పాలిపోయింది. ఆయన మమ్మల్ని ఏ రహస్యం దాచమన్నాడో అది ముందునుంచే అవతలివాడి జేబులో ఉంది. "వాళ్లకి తెలుసని నీకు తెలుసా అమ్మా?" అన్నాడు మెల్లగా.

"తెలీదు సార్" అంది వదిన.

ఇంటికి వెళ్లే బస్సులో ఇక దాచుకోలేక చెప్పేశాను. "వదినా, ఆ రోజు నువ్వు లేవకూడదని మొక్కుకున్నాను."

"తెలుసే. అందుకేగా నిన్ను వెనక్కి పంపింది. పక్కనుంటే చెయ్యి పట్టుకుని లాగేదానివి."

"లాగితే ఆగేదానివా నువ్వు?"

"ఆగిపోయేదాన్ని" అంది వదిన కిటికీలోంచి బయటికి చూస్తూ. "నాకూ భయమేసిందే. నువ్వు కొంచెం లాగితే చాలు, కూర్చుండిపోయేదాన్ని."

మా స్టాపు వచ్చేదాకా ఆవిడ చెయ్యి పట్టుకునే కూర్చున్నాను.