శ్రావణి పుస్తకంలో నా గీతలు

2023లో మాట. కొండాపూర్‌లో ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో నేను ఆర్ట్ టీచర్ని. మా పన్నెండో తరగతి పిల్లలు ఏడాది చివర సొంతంగా ఒక పెద్ద బొమ్మ వెయ్యాలి. దాన్ని ఫైనల్ పీస్ అంటాం. అంతకు ముందు, ఆ ఆలోచన ఎక్కడ పుట్టి ఎలా పెరిగిందో ఒక పుస్తకంలో గీసి చూపించాలి. అది ప్రాసెస్ జర్నల్. బయటి ఎగ్జామినర్ ఆ పుస్తకం చూసి సరేనంటేనే బొమ్మ మొదలుపెట్టాలి.

నాకో జబ్బు ఉండేది. పిల్లల బొమ్మ చూస్తే చెయ్యి ఊరుకునేది కాదు. ముక్కు వంకర సరిచేసి, వేళ్లు దిద్ది, కంటికి కాస్త మెరుపు పెట్టి "ఇప్పుడు చూడు" అనేవాణ్ణి. దీనికి మాలో ఫినిషింగ్ టచ్ అని గౌరవమైన పేరు కూడా ఉంది. తెనాలిలో మా డ్రాయింగ్ మాస్టారు నాకు అలాగే చేశారు. మా పిల్లల తల్లిదండ్రులు మురిసిపోయేవారు, నేను ఉబ్బిపోయేవాణ్ణి.

శ్రావణిది శేరిలింగంపల్లి. తాతల కాలం నుంచీ అక్కడివాళ్లే. వాళ్ల నాన్న మా స్కూలు బస్సు డ్రైవరు. పిల్లకు మాటలు తక్కువ. బోనం ఎత్తుకున్న అమ్మాయిని వెయ్యమని నేనే సలహా ఇచ్చాను. తలూపింది. పుస్తకం నిండా బోనాలు గీసింది. నేను ప్రతి పేజీలోనూ వేలు పెట్టాను.

ఎగ్జామినర్ గారు ఆ పుస్తకం తిప్పి పంపారు. ఇందులో రెండు చేతులు కనిపిస్తున్నాయి, వారంలోగా వివరణ ఇవ్వకపోతే ఈ విద్యార్థిని పనికి మార్కులు వెయ్యం అని రాశారు. డిజైన్ కాలేజీలో సీటుకు ఆ మార్కుల మీదే ఆశ పెట్టుకున్న పిల్ల తను. తప్పు నాది, శిక్ష తనకు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు మొదట తోచింది ఆ పేజీలన్నీ మళ్లీ గీయించి గట్టెక్కడం. శ్రావణిని పిలిచి అదే చెప్పాను. తను బ్యాగులోంచి ఇంకో నోటుబుక్కు తీసింది. అందులో పలచటి పసుపు రంగుతో వేసిన ముక్కలు, ఒక్కోటి ఒక్కో ఆకారం, పక్కన తారీఖు.

"ఇవేంటమ్మా?"

"మా వంటింట్ల ఎండ సార్. ఎదురుంగ అద్దాల బిల్డింగ్ వచ్చినంక పొద్దూకితే ఆ అద్దాలకు తగిలి మా తూర్పు కిటికీల నుంచి ఎండ పడ్తది. రోజు గోడ మీద దాని అంచు గీస్త, మళ్ల ఈ బుక్కుల ఎక్కిస్త."

నాకెందుకు చూపించలేదని అడిగాను.

"చూస్తే సరిజేస్తరని దాచిన సార్."

కోపంగా అనలేదు. అందుకే ఇంకా గట్టిగా తగిలింది.

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. నాలుగున్నరకు గోడ మీద వెలుగు పడింది. వాళ్లమ్మగారు ఆ వెలుగులో బియ్యం ఏరుతూ, ఇదివరకు ఈ వేళకే లైటు వేసుకునేవాళ్లమని చెప్పారు. గోడంతా ఖరాబు చేసిందని సున్నం వేయించబోతే కూతురు అన్నం మానేసిందట.

ఇంటికొచ్చి ఎగ్జామినర్‌కు మెయిల్ రాశాను. రెండో చెయ్యి నాది, పిల్ల తప్పేం లేదు, తన అసలు పుస్తకం ఫొటోలు ఇవీ అని. ప్రిన్సిపల్ గారు పిలిచి బాగానే చివాట్లు పెట్టారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియకుండానే నాలుగు రోజులు గడిచాయి. అప్పుడు జవాబు వచ్చింది, కొత్త ప్లాన్‌తో మొదలుపెట్టవచ్చని. స్టాఫ్ రూమ్‌లో కుర్చీలో కూలబడి సీసాడు నీళ్లు తాగాను.

ప్లాన్ శ్రావణి తనే వేసుకుంది. తొమ్మిది అడుగుల కాగితం మీద రోజుకొక ఆకారం, ఒకదాని మీద ఒకటి, వాష్‌తో, అంటే నీళ్లు బాగా కలిపిన రంగుతో. రోజులు కలిసిన చోట పసుపు చిక్కబడుతుంది. మధ్యలో ఒక అంచు వంకరగా పోయింది. నాకు చెయ్యి దురద పెట్టింది. నా మొహం చూసి తనే చెప్పింది, ఆ రోజు అమ్మకు జ్వరం, వంట చేస్తూ గీసిందట. నేను కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

ప్రదర్శన రోజు ఎగ్జామినర్ గారు ఆ కాగితం ముందు చాలాసేపు ఉండిపోయారు. తర్వాత, ఇందులో మీ సార్ సాయం ఎంత అని శ్రావణిని అడిగారు.

"సార్ ఏం జెయ్యలే మేడం. ఊకె చూసిన్రు, అంతే."

ఆవిడ నవ్వి మార్కుల కాగితం మీద సంతకం పెట్టారు. పిల్లలకు సొంత గొంతు నేనే నేర్పాలని ఇన్నేళ్లూ అనుకున్నాను. నేను కాస్త పక్కకు తప్పుకుంటే అది దానంతటదే వినపడుతుందని ఈ పిల్ల దగ్గర నేర్చుకున్నాను. నువ్వేం చెయ్యలేదని నలుగురిలో అనిపించుకోవడం అంత హాయిగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.