కిటికీ బాబాయి

కార్యాలయంలో అందరూ ఆయనను కిటికీ బాబాయి అంటారు. పాత ఉత్తర్వులను చూసి కంప్యూటరులోకి ఎక్కించడం ఆయన పని. ఒక్కొక్క ఉత్తర్వు పూర్తికాగానే కళ్ళద్దాలు తీసి, రెప్పలు మెల్లగా మూసి తెరచి, కిటికీలోంచి దూరాన ఉన్న డాబా వైపు చూస్తారు. తగ్గుతున్న చూపును కాపాడుకొమ్మని కంటి వైద్యుడు చెప్పిన జాగ్రత్తలలో ఒక్కటీ ఆయన తప్పరు. తెర వెలుతురు తగ్గిస్తారు, చుక్కల మందు వేళకు వేసుకుంటారు. “ఆ డాబా మీద ఎవరున్నారేంటి బాబాయ్?” అని పక్క సీటు అమ్మాయి ఆటపట్టిస్తే, “మీ పిన్నికి కబుర్లు మూటగట్టుకెళ్ళాలి కదమ్మా! మా ఇంట్లో ఇద్దరికీ కలిపి ఉన్నవి ఈ రెండు కళ్ళే,” అంటారు. భార్యకు చూపు పోయి చాలా కాలమైంది. డాబా మీది పావురాలూ, ఆరేసిన బట్టల రంగులూ సాయంత్రానికి ఆమెకు చేరవలసిందే.

ఆ మధ్యాహ్నం ఎంతసేపు చూసినా డాబా మీది మసక వీడలేదు. అద్దాలు తుడిచి పెట్టుకున్నా అంతే. చివరకు ఆయన గొంతు తగ్గించి, “అమ్మాయ్, ఇవాళ అక్కడ ఏం ఆరేశారో కాస్త చెప్పవూ,” అన్నారు. ఆమె నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయింది.

“పసుపు దుప్పటి బాబాయ్. అంచు ఎరుపు.”

సాయంత్రం ఆయన ఆ మాటలనే పొల్లుపోకుండా భార్యకు అప్పజెప్పారు.

“గాలికి ఎగురుతోందా?” అని ఆమె ఆశగా అడిగింది.

“అంచు ఎరుపు,” అని ఆయన మళ్ళీ ఆ మాటే అన్నారు.

ఆమె తడుముకుంటూ వచ్చి ఆయన చేయి పట్టుకుంది. “లేవండి, అన్నం తిందాం. గడప ఉంది, జాగ్రత్త,” అంది.

ఇన్నేళ్ళూ ఆ మాట ఆయనే ఆమెకు చెబుతూ వచ్చారు.