రిపోర్టు చూశాకే గాజులు

రావల్కోల్‌లో గాజులమ్మే ఖమర్ చేతికి చిక్కిన పిల్ల తప్పించుకోలేదు. గాజు ఎక్కిస్తూనే, పెళ్లి కుదిరిందా, ఇద్దరూ రక్త పరీక్ష చేయించుకున్నారా అని ఆరా తీస్తుంది. సగం ఎక్కిన గాజుతో ఎక్కడికి పోతారు పాపం!

ఆమె తొలిచూలు కొడుకు తాహా తలసేమియాతో పోయాడు. నెలనెలా రక్తం ఎక్కించినా దక్కలేదు. ఆ లోపం ఒక్కరిలోనే ఉంటే బయటికి తెలియదు, ఇద్దరిలోనూ ఉంటేనే బిడ్డకు గండం. ఖమర్‌కూ, వరసకు బావే అయిన ఆమె మొగుడికీ ఉందని, బిడ్డ మంచాన పడ్డాకే తెలిసింది. దేశంలో వందకు ముగ్గురో నలుగురో ఇలాంటివాళ్లుంటారని, దగ్గరి సంబంధాల్లో ఇద్దరికీ అదే ఉండే ప్రమాదం ఎక్కువని డాక్టరమ్మ చెప్పింది. మా ఊళ్లో తలకిందులు లెక్క. మేనరికమైతే పరీక్ష దేనికి, మన రక్తమే కదా అంటారు. వింటే నాకు ఒళ్లు మండుతుంది.

అందుకే, ఇద్దరి రిపోర్టులూ చూడనిదే ఖమర్ నిశ్చితార్థానికి గాజులు తొడగదు. ఊరంతా తిట్టుకుంటూనే ఒప్పుకుంది. చెయ్యి నొప్పి తెలియకుండా తొడిగేది ఆమె ఒక్కతే మరి.

చివరికి ఆమె కూతురు ఆఫ్షీన్‌కే సంబంధం కుదిరింది. వరుడు ఖమర్ అన్న అల్లావుద్దీన్ కొడుకు అదీబ్. ఒకరంటే ఒకరికి ప్రాణం. ఆఫ్షీన్‌లో ఆ లోపం ఉంది. అదీబ్ సంగతి తెలియదు, పరీక్ష మాటెత్తితేనే అన్న మండిపడ్డాడు. నిశ్చితార్థం నాడు శామీర్‌పేట నుంచి ఆటోల్లో చుట్టాలు దిగారు. గాజులు ముందు పెట్టుకుని ఖమర్ మాత్రం కదల్లేదు.

"సొంత బిడ్డకు గూడ గిదేనా పంచాయితీ?" అన్నాడు అల్లావుద్దీన్.

"తాహా నా చేతులల్లనే పోయిండు, భాయ్. గా బాధ నా బిడ్డకు వద్దు."

అప్పుడు అదీబ్ లేచాడు. తండ్రికి చెప్పకుండా మేడ్చల్‌లో పరీక్షకు రక్తం ఇచ్చి వచ్చాడట. రిపోర్టు అప్పుడే ఫోన్‌కు వచ్చింది. ఖమర్‌కు కాదు, నేరుగా ఆఫ్షీన్‌కు ఇచ్చాడు. ఆ పిల్ల రెండుసార్లు చదివి, "నీకు లేదు" అంది. ఆనందం పట్టలేక నేను చప్పట్లు కొట్టేశాను.

ఖమర్ కూతురి చెయ్యి అందుకుంది. ఆత్రంగా ఎక్కించబోతే మొదటి గాజే పుటుక్కున విరిగింది.

అల్లావుద్దీన్ కిందికి వంగి ముక్కలు ఏరాడు.

"మా చిన్నబిడ్డ మరియా రక్తం గూడ రేపే పరీక్షకు ఇప్పిస్త," అన్నాడు మెల్లగా. "దానికైన ఇరగ్గొట్టకుంట తొడుగు, చెల్లె."