పెద్ద కంపెనీ చిన్న కారు

మా మేస్త్రి పోయారని మొన్న మంగళవారం జగిత్యాల నుంచి ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. పంతొమ్మిది వందల డెబ్బైల్లో, మస్కట్ హమ్రియాలోని ఒక గ్యారేజీలో ఆయన మెకానిక్కు, నేను స్పేర్ పార్టుల స్టోర్‌కీపర్ని. ఆ దేశంలో నేను నిలదొక్కుకున్నానంటే ఆయన చలవే. ఆ మాట ఆయన ఉండగా చెప్పలేకపోయాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ఏ బండి వచ్చినా ఆయన బోనెట్ ఎత్తకముందే చెవి ఆనించి వినేవారు. "ఓనర్ను అడుగకు తమ్మీ, బండిని అడుగు" అనేవారు. నేను కాకినాడలో డిగ్రీ చదివినవాణ్ణి. ఆయన మాట నాకెందుకు ఎక్కుతుంది?

మా అర్బాబ్‌కు, అంటే గ్యారేజీ యజమానికి, వాళ్ల నాన్న బొంబాయిలో కొన్న పాత అమెరికా కారు ఉండేది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందుది. ఆ కంపెనీ కార్లన్నిట్లోకీ పెద్దది ఇదేనని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. కొడుకు పెళ్లికి అందులోనే వెళ్లాలని ముచ్చటపడితే, ఇంజను పైమూత కింద ఉండే పల్చటి రేకు, గాస్కెట్, కాలిపోయింది. నేను అర్బాబ్ మాట పట్టుకుని పెద్ద మోడల్ గాస్కెట్‌కు ఆర్డరు రాశాను. ఓడలో మూడు నెలలకు వచ్చింది. పెట్టి చూస్తే ఒక్క రంధ్రమూ కలవలేదు. పెళ్లి పది రోజుల్లోకి వచ్చింది. అర్బాబ్ సొరుగులోంచి నా పాస్‌పోర్ట్ తీసి బల్ల మీద పడేసి, సామాను సర్దుకోమన్నాడు.

మేస్త్రి చేతులు తుడుచుకుంటూ వచ్చారు. తప్పు ఇతనిది కాదనీ, అసలిది చిన్న మోడలనీ, హైదరాబాదులో నవాబుల కార్ల షెడ్డులో తాను రెండు రకాలూ విప్పాననీ హిందీలో చెప్పేశారు. అర్బాబ్ మొహం మాడిపోయింది. ఇక ఇద్దరం కలిసే ఇంటికి పోతామనుకున్నాను.

మేస్త్రి ఆగలేదు. లోకమంతా వ్యాపారాలు కుదేలైన కాలంలో, ఆ కంపెనీ చేసే లక్షాధికారుల కార్లు కొనే దిక్కులేక పడి ఉన్నాయట. అప్పుడు మామూలు సంసారులు కూడా కొనగలిగేలా ఈ మోడల్ చేశారు. బండి ముందుండే జాలీ పెద్దదాని పోలికే, ఇంజను మాత్రం వేరు. కంపెనీ పరువు పోయిందని కొందరు మూతి విరిచారు గానీ, అక్కడి పనివాళ్ల ఇళ్లలో పొయ్యి వెలిగింది దీనివల్లే.

"పేరు తెచ్చింది పెద్ద కారు, అన్నం పెట్టింది ఇది. మీ నాన్న మంచి బండే కొన్నాడు అర్బాబ్" అన్నారు.

అర్బాబ్ కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తర్వాత నా పాస్‌పోర్ట్ తీసి మళ్లీ సొరుగులో పెట్టాడు. "పది రోజులే" అన్నాడు.

మత్రా బజారులో రాగి రేకు కొన్నాం. ఇంజను అచ్చు దాని మీదకు దించి, మేస్త్రి ఒక్కో రంధ్రం ఉలితో తొలిచారు. నేను రేకు కదలకుండా పట్టుకున్నాను. "పైలంగ పట్టు తమ్మీ, ఇది డిగ్రీ కాయితం కాదు, చెయ్యి కోస్తది" అని ఏడిపించేవారు. ఆ వారంలో నేర్చుకున్న పనే నాకు తర్వాత ఇరవై ఏళ్లు తిండి పెట్టింది.

తొమ్మిదో రోజు ఇంజను అందుకుంది. అర్బాబ్ తనే వెనక తలుపు తీసి మేస్త్రిని ఎక్కించి, స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు. కారు మెల్లగా నా ముందు నుంచే రూవి రోడ్డెక్కింది. ఎప్పుడూ బండ్ల కింద పడుకునే మనిషి వెనక సీట్లో నిటారుగా కూర్చున్నారు, గ్రీజు ఆ సీటుకు అంటకుండా రెండు అరచేతులూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని.